ఎయిర్‌బ్రషా, స్ప్రే గన్నా: ముందు గిన్నెలో ఏముందో చూడాలి

ఇంట్లో కేకులు చేసి అమ్మేవాళ్లు హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో ఇప్పుడు ప్రతి కాలనీలోనూ ఉన్నారు. క్రీమ్ పూయడం, పూలు దిద్దడం చేతికి పట్టుబడ్డాక వాళ్లలో చాలామంది చూపు పిచికారీ పనిముట్ల మీద పడుతుంది. ఒక రంగులోంచి ఇంకో రంగులోకి మెల్లగా మారే క్రీమ్ కేక్, నిగనిగలాడే బాన్‌బాన్ చాక్లెట్, పైన వెల్వెట్ పొర ఉన్న మూస్ కేక్ మూడూ పిచికారీతోనే వస్తాయి. అయితే మూడింటికీ ఒకే పనిముట్టు సరిపోదు. ఈ సంగతి తెలియక ఒకటి కొని, దానివల్ల కాని పనిని దానితో చేయించబోయి, విసుగొచ్చి మూలన పడేసేవాళ్లు ఎందరో. అందుకే ఎయిర్‌బ్రష్‌నూ స్ప్రే గన్‌నూ పక్కపక్కన పెట్టి తూచి చూడటం అవసరం. నా వాదన ఒక్కటే. ఎంపిక గిన్నెలోని ద్రవం దగ్గర మొదలవ్వాలి. అది నీళ్ల రంగా, కోకో బటర్ రంగా, కరిగించిన చాక్లెటా అన్నది తేలిపోతే నాజిల్, కంప్రెసర్, ఖర్చు అన్నీ దాని వెనకే తేలతాయి.

పుట్టుకలోనే తేడా

రెండూ గాలితో ద్రవాన్ని తుంపరలుగా చీల్చే పనిముట్లే. పుట్టింది మాత్రం వేర్వేరు అవసరాల కోసం. ఎయిర్‌బ్రష్ చిత్రకారుల సొత్తు. ఫొటోలకు రంగులు అద్దడానికి అమెరికాలో ఫ్రాన్సిస్ స్టాన్లీ 1876లో ఒక తుంపర పరికరానికి పేటెంట్ తీసుకున్నాడు. 1890ల్లో చార్లెస్ బర్డిక్ దాన్ని పెన్నులా పట్టుకునే రూపానికి తెచ్చాడు. ముఖం మీద నీడ దిద్దడం, కనురెప్ప గీత సరిచేయడం లాంటి పనులు దానివి.

స్ప్రే గన్ మూలం వైద్యుడి గదిలో ఉంది. ఒహాయో రాష్ట్రం టొలీడోలో అలెన్ డెవిల్‌బిస్ అనే డాక్టరు రోగుల గొంతులోకి మందు చల్లే తుంపర సాధనం తయారుచేసి, 1888లో కంపెనీ పెట్టాడు. ఆయన కొడుకు థామస్ 1907లో అదే సూత్రంతో రంగులు చల్లే గన్ తెచ్చాడు. ఫర్నిచర్, ఆ తర్వాత మోటారు కార్లు, దానితోనే రంగులు పూసుకున్నాయి. విశాలమైన తలాన్ని తక్కువ సమయంలో, ఒకే మందంలో కప్పడం దాని పని.

వంటగదిలోకి వచ్చాక కూడా ఈ గుణాలు మారలేదు. ముగ్గు పోసే వేళ్లకూ కళ్లాపి చల్లే చేతికీ ఉన్న తేడాయే వీటి మధ్యా ఉంది. వాకిలికి రెండూ కావాలి, ఒకదాని పని ఇంకొకటి చేయలేదు.

నాజిల్, గాలి

ఎయిర్‌బ్రష్ నాజిల్ రంధ్రం సాధారణంగా 0.2 నుంచి 0.5 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. ఆహారానికి వాడే స్ప్రే గన్లలో ఇది 0.8 నుంచి 1.4 మిల్లీమీటర్ల దాకా వెళ్తుంది. 0.3 నాజిల్‌తో సన్నని గీత గీయొచ్చు గానీ, చాక్లెట్ లాంటి చిక్కని ద్రవం అందులో ఇరుక్కుంటుంది. 1.2 నాజిల్ చాక్లెట్‌ను సులువుగా వదులుతుంది. దానితో గులాబీ రేకు అంచు దిద్దాలంటే మాత్రం కుదరదు.

ఎయిర్‌బ్రష్‌లో రెండు రకాల ట్రిగ్గర్లు ఉన్నాయి. సింగిల్ యాక్షన్‌లో నొక్కితే గాలీ రంగూ ఒకేసారి వస్తాయి. డబుల్ యాక్షన్‌లో కిందికి నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు. రెండో రకం చేతికి అలవాటు కావడానికి కొన్ని వారాలు పడుతుంది, అయినా కొనాల్సింది అదే. ముందు గాలి వదిలి, తర్వాత మెల్లగా రంగు తెచ్చి, ముగించేటప్పుడు ముందు రంగు ఆపి తర్వాత గాలి ఆపితే కేక్ మీద చుక్కలు పడవు. కప్పు పైన ఉండే రకం తీసుకోవాలి. ద్రవం తన బరువుతోనే కిందికి దిగుతుంది కాబట్టి తక్కువ గాలితో పని జరుగుతుంది, చివరి చుక్కదాకా ఖర్చవుతుంది.

అసలు తికమక గాలి దగ్గర వస్తుంది. కొనేవాళ్లు పి.ఎస్.ఐ. అంకె మాత్రమే చూస్తారు. అది ఒత్తిడి. నిమిషానికి ఎన్ని లీటర్ల గాలి అందుతుందన్నది వేరే లెక్క. ఎయిర్‌బ్రష్‌తో వచ్చే చిన్న కంప్రెసర్ ఆరో వంతు హార్స్‌పవర్‌ది, నిమిషానికి 20 నుంచి 23 లీటర్ల గాలి ఇస్తుంది. ఎయిర్‌బ్రష్‌కు అది చాలు. అపార్ట్‌మెంటులో పక్కవాళ్లకు వినిపించనంత మెల్లగా నడుస్తుంది, కరెంటు పోతే ఇంటి ఇన్వర్టరు మీద కూడా పని చేస్తుంది. స్ప్రే గన్‌కు నిమిషానికి 100 లీటర్లకు పైనే కావాలి. దాన్ని చిన్న కంప్రెసర్‌కు తగిలిస్తే మీటరు ముల్లు 40 చూపిస్తుంది, ట్రిగ్గర్ నొక్కగానే పడిపోతుంది, తుంపర బదులు చుక్కలు ఉమ్ముతుంది. గన్‌కు కనీసం ఒక హార్స్‌పవర్, గాలి నిలవ ఉంచే ట్యాంకు ఉన్న కంప్రెసర్ కావాలి. దాని మోత చాలా ఎక్కువ, దాన్ని పెట్టడానికి చోటూ కావాలి. గన్ ధర చూసి సంబరపడేవాళ్లు కంప్రెసర్ ధర కలిపాకే నిర్ణయం తీసుకోవాలి.

స్ప్రే గన్లలో హెచ్‌వీఎల్‌పీ అని రాసి ఉన్న రకాన్ని ఎంచుకోవాలి. అవి ఎక్కువ గాలిని తక్కువ ఒత్తిడితో వదులుతాయి. నాజిల్ మూత దగ్గర ఒత్తిడి 10 పి.ఎస్.ఐ. దాటదు. అందువల్ల చాక్లెట్ తుంపర గోడల మీదికీ ఊపిరితిత్తుల్లోకీ పోవడం తగ్గి, ఎక్కువ భాగం కేక్ మీదే నిలుస్తుంది.

నీళ్ల రంగు, క్రీమ్ కేక్

మన ఆర్డర్లలో ఎక్కువ భాగం విప్ క్రీమ్ కేకులే. ఈ పనిలో ఎయిర్‌బ్రష్‌కు పోటీ లేదు. ఒత్తిడి 15 నుంచి 20 పి.ఎస్.ఐ., దూరం ఒక జానెడు ఉంటే చాలు. మరీ దగ్గరికి తెస్తే గాలి దెబ్బకు క్రీమ్ మీద గుంటలు పడతాయి. ఒకేచోట ఆపి కొడితే రంగు నీరై కారుతుంది. చెయ్యి కదలడం మొదలయ్యాక ట్రిగ్గర్ నొక్కాలి, ట్రిగ్గర్ వదిలాక చెయ్యి ఆపాలి. ముదురు ఎరుపు, నలుపు కావాలంటే ఒక్క దెబ్బలో తెచ్చే ప్రయత్నం వద్దు. పలచని పొరలు నాలుగైదు వేసి, మధ్యమధ్య ఆరనివ్వాలి.

బటర్‌క్రీమ్ మీద నీళ్ల రంగు ముత్యాల్లా విడిపోతుంది, కారణం అందులోని కొవ్వు. కేక్‌ను ఫ్రిజ్‌లో గట్టిపరిచి, ఆల్కహాల్ కలిసిన త్వరగా ఆరే రంగు వాడితే ఆ బాధ తగ్గుతుంది. ఫాండెంట్ మీద కూడా ఈ రకమే మేలు. విశాఖ, కాకినాడ లాంటి తీర ప్రాంతాల్లో గాలిలో తేమ ఎక్కువ, నీళ్ల రంగు పడిన ఫాండెంట్ గంటల తరబడి జిగటగానే ఉంటుంది.

ఇదే పనికి స్ప్రే గన్ వాడితే రంగు వృథా అవుతుంది, అంచులు చెదురుతాయి. పెళ్లికి నాలుగైదు అంతస్తుల కేక్ మొత్తానికి ఒకే రంగు వేయాలంటే తప్ప క్రీమ్ కేక్ దగ్గర దానికి చోటు లేదు.

కోకో బటర్, బాన్‌బాన్ మౌల్డ్

ఇక్కడ పోటీ నిజంగా గట్టిగా ఉంటుంది. బాన్‌బాన్ మెరుపు పైన పూసింది కాదు. శుభ్రంగా తుడిచిన పాలికార్బొనేట్ మౌల్డ్ గోడకు కోకో బటర్ సరైన స్ఫటికాలతో గట్టిపడితే వచ్చే మెరుపది. కోకో బటర్ ఆరు రకాల స్ఫటికాలుగా గట్టిపడగలదు. మనకు కావలసింది ఐదోది. అది 34 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. అందుకే రంగు కలిపిన కోకో బటర్‌ను 40 నుంచి 45 డిగ్రీల దాకా కరిగించి, కలుపుతూ 30 నుంచి 32 డిగ్రీలకు దించి, అప్పుడు పనిముట్టులో పోయాలి.

సరిగ్గా ఆ ఉష్ణోగ్రత దగ్గరే ఎయిర్‌బ్రష్ ఇబ్బంది పెడుతుంది. ఒత్తిడిలోంచి బయటపడిన గాలి వ్యాపిస్తూ చల్లబడుతుంది, దానితో నాజిల్ కొసా చల్లబడి కోకో బటర్ అక్కడే గడ్డకడుతుంది. పరిష్కారం తేలికే. 0.5 నాజిల్, 30 నుంచి 40 పి.ఎస్.ఐ. ఒత్తిడి, పక్కన ఒక హీట్ గన్ లేదా హెయిర్ డ్రయర్. ప్రతి రంగుకూ ముందు కప్పునూ నాజిల్‌నూ కొద్దిగా వేడిచేసుకోవాలి. మరీ వేడెక్కితే కప్పులోని స్ఫటికాలు కరిగిపోయి, బాన్‌బాన్ మసకగా వస్తుంది, మౌల్డ్‌కు అతుక్కుంటుంది. ఏసీ గదిలో 20 డిగ్రీల దగ్గర మౌల్డ్ ఉంచి పని చేయాలి.

స్ప్రే గన్ ఈ ఇబ్బందిని చాలావరకు దాటేస్తుంది. పెద్ద రంధ్రంలో గడ్డకట్టడం తక్కువ, రోజుకు యాభై మౌల్డులు చేసే దుకాణానికి అది కాలాన్ని ఆదా చేస్తుంది. కానీ పొర మందంగా పడే ప్రమాదం ఉంది. మందమైన పొర చాక్లెట్ పెంకు నుంచి విడిపోయి పొట్టులా రాలుతుంది, నోట్లో మైనంలా తగులుతుంది. పది మౌల్డులు చేసే ఇంటి వంటగదిలో, ఒక్కో మౌల్డ్‌లో రెండు మూడు రంగులు కలిపే పనిలో, ఎయిర్‌బ్రష్‌దే పైచేయి అని నా తీర్పు.

రెండింటికీ వర్తించే నియమం ఒకటుంది. మౌల్డ్‌లో మొదట పడిన రంగే బయటికి కనిపిస్తుంది. కాబట్టి చుక్కలు, గీతలు ముందు, నేపథ్యపు రంగు తర్వాత, అన్నిటికన్నా చివర తెలుపు. ఆ తెల్లపొర లేకపోతే వెనకనున్న డార్క్ చాక్లెట్ పసుపునూ గులాబీనీ మింగేస్తుంది. నీళ్ల రంగును కోకో బటర్‌లో కలపొద్దు. కొవ్వులో కరిగే లేదా కొవ్వులో కలిసే రంగులు వేరుగా అమ్ముతారు, అవే వాడాలి.

చాక్లెట్ వెల్వెట్, మూస్ కేక్

ఫ్రెంచి పేస్ట్రీ వంటవాళ్ల నుంచి వచ్చిన ఈ పద్ధతిలో స్ప్రే గన్ తిరుగులేనిది. చాక్లెట్, కోకో బటర్ సమాన తూకంలో కరిగించి, సన్నని జల్లెడ లేదా పలచని గుడ్డలో వడగట్టి, 40 నుంచి 45 డిగ్రీల దగ్గర గన్‌లో పోస్తారు. కేక్ మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్ నుంచి అప్పుడే బయటికి రావాలి. వేడి తుంపర చుక్కలు గడ్డకట్టిన కేక్‌ను తాకగానే, ఒకదానితో ఒకటి కలిసే వ్యవధి లేకుండా, విడివిడి రేణువులుగా బిగుసుకుంటాయి. కంటికి అదే వెల్వెట్‌గా కనిపిస్తుంది. ఇక్కడ స్ఫటికాల లెక్క పట్టించుకోనక్కర్లేదు, వేడికీ చలికీ మధ్య అంతరం ఎంత ఎక్కువ ఉందన్నదే ముఖ్యం.

ఎయిర్‌బ్రష్‌తో ఇదే పని చేయబోతే తుంపర మరీ సన్నగా వచ్చి పొర నున్నగా, పలచగా పడుతుంది. కేక్ చుట్టూ తిరిగి వచ్చేలోపు మొదటి వైపు మంచు తేలుతుంది. మంచు మీద పడిన చాక్లెట్ తర్వాత పెచ్చులుగా రాలుతుంది. తేమ ఎక్కువైన మన ఊళ్లలో కేక్ ఫ్రీజర్ బయట నిలిచే ప్రతి నిమిషం నష్టమే. గన్‌తో అడుగు దూరం నుంచి, తిరిగే బల్ల మీద రెండు మూడు చుట్లలో ముగించాలి.

మన వంటగదుల్లో ఎక్కువగా ఉండేది కాంపౌండ్ చాక్లెట్. అందులో కోకో బటర్ బదులు వేరే వృక్ష కొవ్వులు ఉంటాయి. పామ్ కెర్నెల్ కొవ్వుతో చేసిన కాంపౌండ్‌ను పలచన చేయడానికి కోకో బటర్ కలిపితే రెండు కొవ్వులూ పొసగక మిశ్రమం మెత్తబడుతుంది, నిలవ ఉంచితే తెల్లని మచ్చలు తేలతాయి. దానికి శుద్ధి చేసిన కొబ్బరి నూనె సరిపడుతుంది. అసలు రుచి కావాలంటే మాత్రం కోకో బటర్ ఉన్న చాక్లెట్టే వాడాలి. దేశంలో కోకో ఎక్కువగా పండించే రాష్ట్రం ఆంధ్రప్రదేశే. ఏలూరు చుట్టుపక్కల కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల్లో అంతరపంటగా పండే కోకోతో మంచి చాక్లెట్ ఇక్కడే తయారవుతోంది.

ఒక హెచ్చరిక. మే నెలలో విజయవాడలో పగటి వేడి 40 డిగ్రీలు దాటుతుంది, కోకో బటర్ 34 దగ్గరే కరుగుతుంది. వెల్వెట్ కేక్‌ను ఆ ఎండలో బండి మీద పంపితే పైపొర తడిసి కరిగిపోతుంది. వేసవిలో వెల్వెట్ ఆర్డర్‌ను సాయంత్రం తర్వాత, మూసిన పెట్టెలో, ఏసీ కారులో పంపగలిగితేనే ఒప్పుకోవాలి.

మధ్యలో మరికొన్ని

బ్యాటరీతో నడిచే చేతి ఎయిర్‌బ్రష్‌లు ఇప్పుడు చౌకగా వస్తున్నాయి. వీటిలో చాలావాటికి ఒత్తిడి మార్చుకునే వీలు తక్కువ. విప్ క్రీమ్ కేక్‌కు పనికొస్తాయి, కోకో బటర్‌కు నమ్మదగ్గవి కావు. నేర్చుకునేవాళ్లు వీటితో మొదలుపెట్టడంలో తప్పు లేదు.

గోడలకు రంగులేసే ఎలక్ట్రిక్ గన్ రూపంలోనే, ఆహారానికి తగిన భాగాలతో చేసిన గన్లు కూడా ఉన్నాయి. వాటికి కంప్రెసర్ అక్కర్లేదు. వెల్వెట్‌కు బాగుంటాయి, సన్నపనికి పనికిరావు. డబ్బాలో వచ్చే వెల్వెట్ స్ప్రే నెలకు రెండు మూడు కేకులు చేసేవాళ్లకు చాలు. కేక్‌కు ఖర్చు ఎక్కువే అయినా కంప్రెసర్ కొని ఖాళీగా ఉంచడం కన్నా నయం. కాకపోతే అందులో తోసే వాయువు బ్యూటేన్, ప్రొపేన్ లాంటిది. గ్యాస్ పొయ్యి వెలుగుతున్న వంటగదిలో అది కొట్టకూడదు. ఆల్కహాల్ రంగులకూ ఇదే జాగ్రత్త.

రాజీ పడకూడని చోటు

ధర తక్కువని హార్డ్‌వేర్ షాపులో పెయింట్ గన్ తెచ్చి చాక్లెట్ పోసేవాళ్లు ఉన్నారు. ఇది మానాలి. వాటి ఇత్తడి భాగాల్లో సీసం కలిసి ఉండొచ్చు. లోపలి రబ్బరు రింగులు, కందెనలు తిండికి ఉద్దేశించినవి కావు. ద్రవం తగిలే ప్రతి భాగం స్టెయిన్‌లెస్ స్టీల్‌దో, ఆహారానికి తగినదని తయారీదారు రాసిచ్చిన ప్లాస్టిక్‌దో అయి ఉండాలి. కంప్రెసర్ కూడా ఆయిల్‌ఫ్రీ రకమే కావాలి. పంక్చర్ షాపుల్లో కనిపించే నూనె పోసే కంప్రెసర్ గాలితో పాటు నూనె ఆవిరినీ పంపుతుంది, అది నేరుగా కేక్ మీద పడుతుంది. గొట్టం మొదట్లో తేమను పట్టే ఫిల్టర్ తప్పనిసరి. ఒక్క నీటిచుక్క చాలు, చాక్లెట్ గరుకుగా గడ్డకట్టడానికి.

మెరుపు పొడుల విషయం ఇంకా తీవ్రమైనది. 2018లో అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో పుట్టినరోజు కేక్ తిన్న ఆరుగురు పిల్లలు వాంతులతో బాధపడ్డారు. కేక్ మీద వేసిన మెరుపు పొడిలో రాగి చూర్ణం ఉందని పరీక్షలో తేలింది. డబ్బా మీద 'నాన్ టాక్సిక్' అని ఉంటే తినొచ్చని అర్థం కాదు. 'ఎడిబుల్' అన్న మాట, పదార్థాల జాబితా, ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్స్ నంబరు మూడూ ఉండాలి. మన దేశంలో ఆహారానికి అనుమతించిన కృత్రిమ రంగులు ఎనిమిదే. జాబితా లేని డబ్బాలో వాటిలో ఏది ఉందో తెలిసే దారి లేదు. పిచికారీ చేసేవాళ్లు మాస్కు పెట్టుకోవాలి, కిటికీ తెరవాలి, కేక్‌ను మూడువైపులా మూసిన అట్టపెట్టెలో పెట్టి కొట్టాలి. నేల మీద పడిన కోకో బటర్ జారుతుంది, పని ముగిసిన వెంటనే తుడవాలి.

కడగడం

పనిముట్టు ఆయుష్షు ఇక్కడే తేలుతుంది. నీళ్ల రంగు వాడిన ఎయిర్‌బ్రష్‌లో గోరువెచ్చని నీళ్లు పోసి, రంగు లేకుండా వచ్చేదాకా కొట్టి, సూది తీసి కొస వైపుకు తుడవాలి. సూది కొస వంగితే ఇక గీత సూటిగా రాదు, అందుకే దాన్ని ఎప్పుడూ వెనక నుంచే లాగాలి. కోకో బటర్ వాడాక నీళ్లు పోయకూడదు. పనిముట్టును వేడిచేసి, మిగిలినదంతా గాలితో ఊదేసి, వెచ్చని నూనెతో ఒకసారి నడిపి, పొడిగుడ్డతో తుడవాలి. తర్వాత సబ్బునీళ్లతో కడిగినా, పూర్తిగా ఆరాకే బిగించాలి. ఈ పనిలో స్ప్రే గన్ మేలు, భాగాలు పెద్దవి, చేతికి అందుతాయి. ఎయిర్‌బ్రష్ ఓపిక అడుగుతుంది. నీళ్ల రంగుకు ఒకటి, కోకో బటర్‌కు ఒకటి వేరుగా ఉంచుకోగలిగితే సగం తలనొప్పి తప్పుతుంది.

తీర్పు

క్రీమ్, ఫాండెంట్ కేకులే చేసేవాళ్లకు 0.3 లేదా 0.4 నాజిల్, పైన కప్పు ఉన్న డబుల్ యాక్షన్ ఎయిర్‌బ్రష్, చిన్న ఆయిల్‌ఫ్రీ కంప్రెసర్ చాలు. ఇంటి నుంచి బాన్‌బాన్లు చేసేవాళ్లకు కూడా ఎయిర్‌బ్రష్షే, నాజిల్ మాత్రం 0.5, తోడుగా హీట్ గన్. వారంలో చాలాసార్లు మూస్ కేకులు, వందల బాన్‌బాన్లు చేసే దుకాణానికి ఒక హార్స్‌పవర్ పైబడిన ఆయిల్‌ఫ్రీ కంప్రెసర్‌తో హెచ్‌వీఎల్‌పీ స్ప్రే గన్ తప్పదు. ఎప్పుడో ఒకసారి వెల్వెట్ కావాలనుకునేవాళ్లు డబ్బా కొనుక్కోండి.

మొదటి పనిముట్టు ఒక్కటే కొనగలిగితే ఎయిర్‌బ్రష్ కొనండి. చేతికి నియంత్రణ నేర్పేది అదే, ఆ చెయ్యి తర్వాత గన్ పట్టుకున్నప్పుడు చాక్లెట్ వృథా కాదు. ఎక్కడైనా డబ్బు తగ్గించుకోవాలంటే సైజులో, హంగుల్లో తగ్గించుకోండి. తిండికి తగిన లోహం, నూనె లేని గాలి, అనుమతి ఉన్న రంగు అన్న మూడింటిలో మాత్రం ఒక్క రూపాయి కూడా తగ్గించొద్దు. మీరు రంగులద్దే కేక్ తినేవాళ్లలో ఎక్కువమంది పిల్లలే.